వైద్యశాల వీడిన పిమ్మట

మద్యపానమువలన రోగియైనవాడు వైద్యశాలలో నున్నన్ని దినములు మద్యము ముట్టకుండుట మనము చూచుచునే యున్నాము. అచ్చట దుకాణము లేదు, కూడ త్రాగు స్నేహితుడు లేడు, ప్రాణభయము మాత్రము తలాపున కూర్చుండియుండును. ఇంటికి వచ్చిన వారమునకే వాడు మరల సీసా పట్టినచో "వీడు బాగుపడడు" అని తీర్పు చెప్పుదుము. కాని పంపునపుడు మనము వానికేమి యిచ్చి పంపితిమి? ఒక మందుల చీటి, ఒక మందలింపు. ఇంతకు మించిన సాయము సాధ్యమనియు, అది మన విధియనియు ఇచ్చట చూపదలచితిమి.

మొదట నొక హెచ్చరిక. చిరకాలము ప్రతిదినము మిక్కుటముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలోనే వణకును చెమటయు పుట్టును; రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును; పిదప మతి చలించి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున రోగిని చేర్చిన నాడే, ఎంత త్రాగునో, కడపట నెప్పుడు త్రాగెనో బంధువులు దాచక చెప్పవలెను. పరువునకై దాచిన మాట ప్రాణము తీయవచ్చును. ఇంటికి వచ్చినవాడు మరల నిత్యము త్రాగ మొదలిడినచో, గదిలో పెట్టి తాళము వేయుట చికిత్స కాదు. వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

రెండవది కొలత. "కొంచెమే త్రాగుదును" అను మాటకు కొలత లేదు. పది గ్రాముల ఆల్కహాలు ఒక ప్రమాణమనుకొన్నచో, ముప్పది మిల్లీలీటర్ల విస్కీ లేక బ్రాందీ ఒక ప్రమాణము. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా ఆరు ప్రమాణములు. ప్రతిదినము త్రాగినది రోగియే ఒక పుస్తకములో వ్రాసికొన్నచో, ఆ లెక్కయే వానికి హితవు చెప్పును. ఐతే కాలేయము గట్టిపడినవారికిని, మానినంతనే మూర్ఛలు వచ్చినవారికిని తగ్గించుట చాలదు. పూర్తిగా మానుటయే మార్గము. ఎవరికేది తగునో వైద్యుడు నిర్ణయింపవలెను.

మూడవది మాట. సంస్కర్తలమైన మేమును చిరకాలము నిందనే ఔషధమని నమ్మితిమి. నింద రోగిని సిగ్గుపరచును. సిగ్గుపడినవాడు చాటున త్రాగును. "ఇట్లేల చేసితివి?" అనుటకు మారుగా "మానినచో నీకేమి మేలనుకొందువు? ఏ వేళ మనసు లాగును?" అని యడిగి, వాని యుత్తరమును ఓపికతో వినవలెను. గోవాలోని ప్రాథమిక వైద్యకేంద్రములకు వచ్చిన 377 మంది పురుషులతో జరిపిన పరిశీలన యొకటి 2017లో ప్రకటితమైనది. వైద్యులు కాని సామాన్యులే శిక్షణ పొంది, నాలుగుసార్లకు మించక వారిలో కొందరితో మాటలాడిరి. మూడు నెలలకు హానికరపానము నుండి తేరుకొన్నవారు ఆ సాయము పొందినవారిలో నూటికి 36 మంది, పొందనివారిలో 26 మంది. ఈ పదిమంది భేదము పది కుటుంబముల భేదము.

నాలుగవది తోడు. వైద్యశాల వీడుటకు ముందే మరల చూపించుకొను తేదీ నిశ్చయింపవలెను. ఆ దినమున ఒకరు వెంటపోవలెను. త్రాగవలెనను కోరికను తగ్గించు నాల్‌ట్రెక్సోను, ఎకాంప్రొసేటు మున్నగు మందులు కలవు, తగినవారికి వైద్యుడిచ్చును. డైసల్ఫిరామును మాత్రము రోగి యెరుగకుండ కూరలో కలుపుట మహాపరాధము. దానిపై మద్యము త్రాగినచో ప్రాణముమీదికి రావచ్చును. తెలిసిన నాడు ఇంటివారిపై వాని నమ్మకము నశించును. సలహా కోరువారికి ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446.

చదువరులారా, ఒకనాడు తప్పి త్రాగినవానికి మన తలుపు మూసినచో, వానికి తెరచియుండు తలుపు దుకాణమొక్కటియే. మీ యింటనో, మీ వీధినో వైద్యశాల నుండి తిరిగివచ్చినవాడు ఒకడుండును. ఈ సాయంకాలమే పోయి పలుకరింపుడు; వచ్చే వారము మరల పొండు.