నారికురుపు నేర్పిన పాఠము

ఏటేట ఏప్రిల్ 7వ తేదీన ప్రపంచ ఆరోగ్య దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆనాడు ఆరోగ్య సిబ్బందికి పూలమాల వేయుట ఉచితమే. అయితే వారికి అసలైన గౌరవమెట్టిదో నారికురుపు చరిత్ర మనకు తెలుపుచున్నది.

ఈ వ్యాధి పేరు నేటి పిల్లలు వినియుండరు. దిగుడు బావుల నీరు త్రాగు గ్రామములలో ఇది పూర్వము ప్రబలముగా నుండెడిది. రోగి కాలిపై పొక్కు లేచి, దానినుండి దారము వంటి పొడవైన పురుగు బయటికి వచ్చును. మంట చల్లారుటకై రోగి బావినీటిలో కాలు పెట్టినంతనే ఆ పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. వానిని మింగిన సన్నని నీటిపురుగులు త్రాగునీటితో కడుపులోనికి పోయినచో, సుమారు ఏడాదికి ఆ మనిషికిని అదే బాధ. సేద్యపు రోజులలో రైతు మంచము పట్టిన యెడల ఆ యింటికి గ్రాసము కఱవగును.

దీనికి టీకా లేదు. నయము చేయు మందును లేదు. అయినను, 1984లో ఆంధ్రప్రదేశముతో సహా ఏడు రాష్ట్రములలో దాదాపు 40,000 మందిని పీడించిన ఈ వ్యాధి 1996 జూలై తరువాత మన దేశమున కనబడలేదు. దేశము దీనినుండి విముక్తమైనదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను.

ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి. పుండుకు కట్టు కట్టి, బావిలో దిగవలదని నచ్చచెప్పిరి. గుడ్డతో నీరు వడగట్టు విధము గృహిణులకు చేసి చూపిరి. బావులలో మందు కలిపిరి. మెట్లు మూసి, చుట్టును గోడ కట్టి, దిగుడు బావిని చేదబావిగా మార్చుటకు మాత్రము ఊరివారి సమ్మతి, సాయము కావలసివచ్చెను. ఆ కార్యకర్తల పేర్లు నేడు మనలో ఎందరికి తెలియును?

ఆ త్రోవనే నేడు ఏ.యన్.యం.లు, ఆశా కార్యకర్తలు నడచుచున్నారు. 2022లో ఆశా కార్యకర్తలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించినది. మరి వారి మాటను మన పంచాయతీ ఎంతవరకు ఆలకించుచున్నది? సభ్యులకు మేము మనవి చేయునవి మూడు.

1. గ్రామసభకు ఆశా కార్యకర్తను పిలిచి, ఏ వీధిలో జ్వరములు, విరేచనములు ఉన్నవో ఆమెచే చెప్పించి వ్రాసికొనవలెను.

2. ఆమె చూపిన పగిలిన గొట్టమును, నిలిచిన మురుగును జాప్యము లేక బాగుచేయించవలెను. మంచినీటి ట్యాంకును వేళకు కడిగించి క్లోరిన్ కలిపించవలెను.

3. బిడ్డకు టీకా వలదన్న ఇంటికి ఆమెను ఒంటరిగా పంపక, సభ్యులలో ఒకరు తోడు పోవలెను.

పూలమాల ఒక పూట నిలుచును. కార్యకర్త మాట విని పంచాయతీ బాగుచేసిన నీరు ఊరిని ఏళ్ల తరబడి కాపాడును. వారికి మనము చేయదగిన సత్కారమిదియే.