బడిలో మొదటి నాలుగు నిమిషాలు

ఆటస్థలంలో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి కుప్పకూలాడనుకోండి. 108 వాహనం వచ్చేసరికి కొంత సమయం పడుతుంది. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ వ్యవధిలో బిడ్డకు దిక్కు ఉపాధ్యాయుడే.

భుజం తట్టి పిలవాలి. పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే ఒకరిని 108కి ఫోన్ చేయమని చెప్పి, తాను ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగంతో నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మందంలో మూడో వంతు లోతున నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు నోటితో 2 సార్లు ఊపిరి ఊదాలి. పిల్లల్లో గుండె ఆగడానికి ఎక్కువగా శ్వాస అందకపోవడమే కారణం. కనుక దీన్ని విడిచిపెట్టకూడదు.

మానవలసినవీ ఉన్నాయి. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయడం మన బడుల్లో ఇంకా చూస్తున్నాం. మొదటిది వృథా, రెండోది ప్రమాదం.

ఇది చదివితే వచ్చే విద్య కాదు. ఎంత బలంగా నొక్కాలో శిక్షణ బొమ్మపై చేసి చూస్తేనే చేతికి తెలుస్తుంది. సాధన లేకపోతే నెలల్లోనే మరచిపోతాం. అందుకే దాతలకు మా మనవి: బడికి బల్లలు, పుస్తకాలు ఇచ్చేటప్పుడు ఏటా ఒక పూట శిక్షణ ఖర్చు కూడా కలపండి. ఒక బొమ్మను చుట్టుపక్కల నాలుగు బడులు పంచుకోవచ్చు.