డిటెక్టివ్ నవలలు రాసేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది?



మన గోడపత్రికలో "పనులు - పనివాళ్లు" అనే శీర్షిక కింద ఇంతవరకు మగ్గం పని, బస్సు కండక్టరు పని, చింతపండు కొట్టే పని గురించి చదివినారు. ఈసారి వంతు నాది. నేను అపరాధ పరిశోధన నవలలు, అంటే డిటెక్టివ్ నవలలు రాసేవాళ్ల పని గురించి రాస్తున్నాను. "అదీ ఒక పనేనా?" అని కొందరు నవ్వినారు. సైన్సు నోట్సు మధ్యలో పెట్టుకొని ఆ పుస్తకాలు చదివేవాళ్లు మన హాస్టల్లో ఎవరెవరో నాకు తెలుసు. పేర్లు రాయను.

తెలుగులో ఈ కథలు బెంగాలీ నుంచి మొదలైనాయి. పాంచకడీ దే అనే బెంగాలీ రచయిత నవలలు 20వ శతాబ్దం మొదట్లోనే తెలుగులోకి వచ్చినాయి. తర్వాత మనవాళ్లే సొంతంగా రాయడం మొదలుపెట్టినారు. ఎక్కువమంది మద్రాసులో ఉండి రాసినారు, ఎందుకంటే అచ్చు యంత్రాలు, పత్రికలు, సినిమా కంపెనీలు అన్నీ అక్కడే. మన అనంతపురం జిల్లా కూడా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే కదా. ఇప్పుడు మన చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ, మన తాతల కాలంలో పెద్ద పట్నం అంటే మద్రాసే.

ఆ మద్రాసులో కొమ్మూరి సాంబశివరావు (1926-1994) అనే ఆయన దాదాపు 90 డిటెక్టివ్ నవలలు రాసినాడు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ పేరు యుగంధర్. అసిస్టెంటు రాజు. పోలీసు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. యుగంధర్ కోట్లాటలో గెలిచే మనిషి కాదు, కూర్చొని ఆలోచించే మనిషి. "చావుకేక", "ఉరితాడు" అని పేర్లు చూస్తేనే భయమేస్తుంది, లోపల మాత్రం లెక్క చేసినట్టే ఉంటుంది. 90 నవలలంటే ఏమిటో ఒకసారి అనుకోండి. మనం ఒక వ్యాసం నాలుగు పేజీలు రాయమంటే చెయ్యి నొస్తుందంటాం.

ఆరుద్ర గారి పేరు విన్నారు కదా. "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" రాసిన పెద్దాయన. ఆయన కూడా మద్రాసులో ఉన్నప్పుడు డిటెక్టివ్ నవలలు రాసినాడు. "పలకల వెండిగ్లాసు" ఆయనదే. కాబట్టి ఈ పుస్తకాలు చదువురానివాళ్ల కోసం రాసే చెత్త అనే మాట నేను ఒప్పుకోను. చెత్తవీ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు పని ఎట్లా చేస్తారో చెప్తాను. ఇది పాఠం మాదిరి చదవండి.

మామూలు కథ రాసేవాళ్లు మొదటి నుంచి చివరికి పోతారు. డిటెక్టివ్ కథ చివరి నుంచి మొదటికి వస్తుంది. ఎవరు చేసినారు, ఎందుకు చేసినారు, ఎట్లా చేసినారు, ఈ మూడూ రచయితకు ముందే తెలిసి ఉండాలి. తర్వాత వాటిని దాచాలి. దాచడం అంటే చెప్పకుండా ఉండడం కాదు. అందరి కళ్ల ముందే పెట్టి, ఎవరూ చూడకుండా చెయ్యడం. అదే కష్టం.

ఒక ఉదాహరణ. ఇది నేను కల్పించింది, ఎవరూ భుజాలు తడుముకోవద్దు. ఒక హాస్టలుకు శనివారం సాయంత్రం ఆటోలో గుడ్లు వచ్చినాయి. ఆటోవాడు తొందరలో ఉన్నాడు. రిజిస్టరులో "6 అట్టలు" అని రాసి సంతకం పెట్టించుకొని పోయినాడు. అట్టకు 30 చొప్పున 180 గుడ్లు. ఆదివారం పొద్దున ఎంచితే 168 ఉన్నాయి. తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు గట్టిగా ఉన్నాయి. స్నానాల గది వెనకాల మాత్రం గుడ్డు పెంకులు దొరికినాయి. రాత్రి తండా నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు ఒకడు ఉన్నాడు. ఇంక చెప్పేదేముంది? అందరూ వాణ్ణి పట్టుకున్నారు.

కానీ డిటెక్టివ్ పెంకుల దగ్గరికి పోకుండా రిజిస్టరు దగ్గరికి పోతాడు. అక్కడ రాసింది 6 అట్టలని, 180 గుడ్లని కాదు. పై అట్ట ఎత్తి ఎవరూ చూడలేదు. అడుగు అట్టలో వచ్చినవే 18. అంటే దొంగతనం జరగనే లేదు. మరి పెంకులు? ఆ పిల్లవానికి వాళ్లమ్మ రెండు గుడ్లు ఉడకబెట్టి గుడ్డలో కట్టి పంపించింది.

చూడండి, జవాబు మొదట్లోనే ఉంది. "6 అట్టలు" అని రాసినాను, "తొందరలో ఉన్నాడు" అని కూడా రాసినాను. మీరు పెంకులు చూసినారు. ఇట్లా దారి తప్పించే గుర్తులు కూడా కథలో పెట్టాలి, కానీ ఊరికే పెట్టకూడదు. వాటికీ నిజమైన కారణం ఉండాలి. చివరి పేజీలో ఎవరికీ తెలియని కవల తమ్ముణ్ణి తెచ్చి "వీడే హంతకుడు" అనే రచయితలు ఉన్నారు. అది పాఠకుణ్ణి మోసం చెయ్యడం. పరీక్షలో పాఠంలో లేని ప్రశ్న ఇచ్చినట్టు.

ఇంగ్లండులో అగాథా క్రిస్టీ (1890-1976) అని ఒకామె ఉండేది. 66 డిటెక్టివ్ నవలలు రాసింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆసుపత్రిలో మందులిచ్చే గదిలో పని చేసింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో అక్కడే నేర్చుకుంది. 1920లో వచ్చిన మొదటి నవలలోనే ఆ చదువు పనికొచ్చింది. ఆమె నోటు పుస్తకాలు 73 మిగిలినాయి. వాటిలో హత్య ఎట్లా జరగాలనే ఆలోచన ఒక పక్క, అంగట్లో కొనాల్సిన సామాన్ల పట్టీ ఒక పక్క ఉంటాయి. ఇది నాకు బాగా నచ్చింది. రచయిత అంటే నిలువుటద్దం ముందు చెయ్యి గడ్డం కింద పెట్టుకొని కూర్చునే మనిషి అనుకుంటాం. వాళ్లకూ ఇంట్లో ఉప్పు అయిపోతుంది.

చాలామందికి ఇంకో ఉద్యోగం ఉండేది. షాడో అనే పాత్రను సృష్టించిన మధుబాబు బడిపంతులు. పగలు పాఠాలు, తర్వాత గూఢచారి కథలు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. హిందీలో దాదాపు 300 నవలలు రాసిన సురేంద్ర మోహన్ పాఠక్ టెలిఫోన్లు తయారు చేసే ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం చేస్తూనే రాసినాడు. వీళ్లు మనసు బాగున్నప్పుడు రాద్దాంలే అనుకుంటే కుదరదు. ముఖ్యంగా వారపత్రికలో సీరియల్ రాసేవాళ్లకు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా ఆ వారం భాగం ఆ వారం పోవాల్సిందే. ఆ భాగం చివర తలుపు ఎవరో తట్టాలి, లేదా దీపం ఆరిపోవాలి. కింద "సశేషం" అని ఉండాలి. మొదటి వారం అచ్చయిన మాటను పదో వారంలో మార్చడానికి లేదు. మొదటి వారం కుంటివాడని రాస్తే చివరిదాకా వాడు కుంటాల్సిందే.

రాయడం సగం పని. అమ్మడం ఇంకో సగం. దీని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాయరు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు అనే ఆయన వెయ్యికి పైగా చిన్న నవలలు రాసినాడు. అవి ఎక్కువగా సంసారాల కథలే, డిటెక్టివ్‌లు కావు. కానీ వాటిని అమ్మిన దారి చూడండి. రైళ్లలో, ప్లాట్‌ఫారాల మీద, తక్కువ ధరకు, జేబులో పట్టే సైజులో. బండి ఎక్కినప్పుడు కొని దిగేలోపల చదివెయ్యాలి. డిటెక్టివ్ నవలలకూ ఆ దారే పనికొచ్చింది. స్టేషన్లో పుస్తకాల అంగడిముందు బండి ఆగేది కొద్ది నిమిషాలు. ఆ కొద్దిసేపట్లో అట్టమీది బొమ్మే మాట్లాడాలి. అందుకే అట్టమీద కత్తి, రక్తం, భయపడే ఆడమనిషి. లోపల ఒక్కోసారి కత్తే ఉండదు!

ఇంకోటి అద్దె పుస్తకాల అంగళ్లు. ఊరూరా ఉండేవి. రోజుకు ఇన్ని పైసలని అద్దె. ఒకే పుస్తకాన్ని వందమంది చదివేవాళ్లు. ఒక్కోసారి చివరి పేజీ చినిగిపోయి ఉంటే హంతకుడు ఎవరో చెప్పమని ముందు చదివినవాణ్ణి వెతుక్కుంటూ పోవాల్సిందే. అంగడివానికి వందసార్లు అద్దె వస్తుంది, రచయితకు వచ్చేది ఒక్క పుస్తకం అమ్మకమే. చాలామంది అదీ లేకుండా, ఒకేసారి ఇంత అని డబ్బు తీసుకొని హక్కులన్నీ రాసిచ్చేసేవాళ్లు. ఇది మన దగ్గరే కాదు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ తన మొదటి హోమ్స్ నవలను 25 పౌండ్లకు పూర్తిగా అమ్మేసినాడు. అది 1887లో అచ్చయింది. ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతున్నారు.

ఈ కాలంలో రచయిత సభలకు పోవాలి, ఫోటో దిగాలి, మాట్లాడాలి. మల్లాది వెంకటకృష్ణమూర్తి మాత్రం తన ఫోటో వెయ్యనివ్వని రచయితగా పేరు పొందినాడు. బస్సులో పక్కన కూర్చొని తన నవలే చదువుతున్నా మనం గుర్తుపట్టలేం. డిటెక్టివ్ రచయితలకు ఇంకో చిక్కు ఉంది. పుస్తకం బాగుందని చెప్పుకోవాలి, ఎందుకు బాగుందో చెప్పకూడదు. అగాథా క్రిస్టీ రాసిన ఒక నాటకం లండన్‌లో 1952లో మొదలైంది. నాటకం అయిపోయినాక ప్రేక్షకులను "దొంగ ఎవరో బయట చెప్పొద్దు" అని అడుగుతారు. మన డార్మెటరీలో ఇట్లా అడిగితే ఎవరైనా వింటారా?

ఇంతవరకు రాసింది వాళ్ల పని గురించి. ఇది మనకెందుకు అనేది ఇప్పుడు రాస్తాను.

డిటెక్టివ్ నవలల్లో వేలిముద్రలు చాలాసార్లు వస్తాయి. వేలిముద్రల కార్యాలయం ప్రపంచంలో మొదట పెట్టింది మన కలకత్తాలోనే, 1897లో. వాటిని వర్గీకరించే పద్ధతి తయారు చేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన దేశం ఉద్యోగులు పని చేసినారు. మంచిదే. కానీ అదే తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి తెచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రంలో కూడా అమలు చేసింది. ఎరుకలవాళ్ల వంటి కులాలను పుట్టుకతోనే దొంగలని రాసుకొని, వాళ్ల వేలిముద్రలు తీసుకొని, పోలీసుల ముందు హాజరు వేయించుకునేది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా పుట్టిన ఊరే. నేరం జరగకముందే వేలిముద్ర! ఏ డిటెక్టివ్ నవలలోనైనా ఇట్లా రాస్తే పాఠకుడు పుస్తకం విసిరేస్తాడు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు మాత్రం సినిమాల్లో, నవలల్లో దొంగల పేరుగానే మిగిలిపోయింది.

చట్టం పోయినా చూపు పోలేదు. ఒకసారి సంతలో ఒక అంగట్లో ఏదో కనిపించలేదని మా అవ్వ సంచి కింద బోర్లించి చూసినారు. రాగులు, ఒక సబ్బు, తమలపాకులు పడినాయి. ఇంకేమీ లేదు. ఆమె ఒక్కతే కూర్చొని రాగులు ఏరుకుంది. అక్కడ యుగంధర్ ఉంటే ముందు అంగడివాణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. ఎప్పుడు చూసినావు, ఎక్కడ పెట్టినావు, ఎవరు ముట్టుకున్నారు, ఎట్లా తెలిసింది. ఈ నాలుగు ప్రశ్నలు నాకు లెక్కల పుస్తకంలో దొరకలేదు, డిటెక్టివ్ పుస్తకంలో దొరికినాయి.

అందుకని వార్డెన్ సార్లకు ఒక మనవి. ట్రంకు పెట్టెల్లో దొరికితే తీసుకున్న డిటెక్టివ్ నవలలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. రక్తం బొమ్మలు చూసి పక్కన పెట్టకుండా మీరే ఒకటి చదవండి. బాగున్నవి ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో చదువుకోనివ్వండి. స్టడీ అవర్‌లో చదివితే మళ్లీ తీసుకోండి, మేము అడగం.

మిత్రులకు ఒక ప్రకటన. వచ్చే సంచికలో నేను రాసిన "వంటగది తాళంచెవి" అనే కథ మొదటి భాగం అంటిస్తున్నాను. చివరి భాగం ముందే రాసి, కవరులో పెట్టి, జిగురు వేసి లైబ్రరీ సారుకు ఇచ్చినాను. దొంగ ఎవరో, ఏ వాక్యం చూసి కనిపెట్టినారో చీటీ మీద రాసి, శనివారం స్టడీ అవర్ లోపల గోడపత్రిక కింది డబ్బాలో వెయ్యండి. వాక్యం రాయకుండా పేరు ఒక్కటే రాసిన చీటీలు లెక్కలోకి తీసుకోము.