సరళను చంపకు

బుజ్జీ,

నీ స్క్రిప్టులో సరళ రెండో ఎపిసోడ్‌లోనే లారీ కింద పడిపోయినట్టు రాసేస్తే పీడా పోతుందంటావా? అలా రాస్తే మాత్రం నాకు పంపకు. క్లాసులో చదివినవాళ్లంతా “ఆవిడ వచ్చినప్పుడల్లా చిరాకేస్తోంది” అన్నారని ఆ పిల్లను బలిపెట్టేస్తావా? మరి దాని మొగుడి మాటేమిటే? వీధి వీధంతా కట్టిన చిట్టీల డబ్బు మింగి, కూతురి పెళ్లికని చిట్టీ పాడుకున్న టైలరు చేతిలో చెల్లని చెక్కు పెట్టినవాణ్ణి “భలే ఉన్నాడు” అన్నారట. ఆ రెండు మాటలూ పక్కపక్కన రాస్తూ కూడా నీకెక్కడా గుచ్చుకోలేదా? పైగా చివర్లో “నాకూ బ్రేకింగ్ బ్యాడ్‌లో స్కైలర్ అంటే పడదు అత్తా” అన్నావు. సరే, అక్కణ్ణించే మాట్లాడుకుందాం.

ఆ అమెరికా సీరియల్ మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకో. మొగుడి యాభయ్యో పుట్టినరోజని పళ్లెంలో గుడ్డు మీద బేకన్ ముక్కలతో 50 అంకె పేర్చి పెడుతుంది స్కైలర్. అదీ మాంసం కాదు, కొలెస్ట్రాల్ పెరగకుండా మాంసం లేకుండా చేసింది. ఆ తర్వాత ఓ సాయంత్రం క్రెడిట్ కార్డు లెక్క అడుగుతుంది. 15 డాలర్ల 88 సెంట్లు. ప్రింటరు కాగితాలకట. ఆ కార్డు మనం వాడటం లేదు కదా అంటుంది. ఆవిడ కడుపుతో ఉంది. పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ. కెమిస్ట్రీ మాస్టారి జీతం చాలక మొగుడు కార్లు కడిగేచోట రెండో పని చేస్తున్నాడు. అలాంటి ఇంట్లో 15 డాలర్లకు లెక్క అడగని ఇల్లాలు ఉంటుందా?

కాని అప్పటికే ఆ మొగుడు వాల్టర్‌కు ఊపిరితిత్తుల క్యాన్సరని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి అతనికి తెలుసు, మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. చావు కబురు కడుపులో దాచుకున్నవాడి పక్కన కూర్చుని చూస్తున్నాం కాబట్టి, ఆ 15 డాలర్ల ప్రశ్న మన చెవికి గయ్యాళితనంలా వినబడింది. మొత్తం 62 ఎపిసోడ్ల పొడవునా ఆవిడ మీద పడ్డ తిట్లకు విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం. రహస్యం ఎవరితో పంచుకుంటే మనసు వాళ్ల పక్షం అయిపోతుందే బుజ్జీ. వాళ్లు మంచివాళ్లా కాదా అని ఆగి చూసుకోదు.

ఇది నాకు తెలిసింది అమెరికా సీరియల్ వల్ల కాదు. విజయనగరంలో మేం గురజాడ కన్యాశుల్కం వేసినప్పుడు నాది పూటకూళ్లమ్మ వేషం. సంతలో సరుకులు కొనిపెడతానని గిరీశం ఆవిడ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్లి మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. నాలుగు విస్తళ్లు వేసి బతికే విధవరాలు ఆవిడ. ఆ రోజుల్లో 20 రూపాయలు కూడబెట్టడానికి ఎందరికి వడ్డించి ఉంటుందో తెరవెనక లెక్క వేసుకుని, నిజంగానే కడుపు మండి, చీపురుకట్టతో మధురవాణి ఇంట్లో అడుగుపెట్టేదాన్ని. హాలంతా ఒకటే నవ్వు. మంచం కింద దూరిన గిరీశం దొరక్కూడదని జనం ఊపిరి బిగబట్టేవారు. చీపురు దెబ్బ గిరీశానికి బదులు రామప్పంతులుకు తగిలితే ఈలలు. లోపలికొచ్చాక చీపురు పట్టుకున్న చెయ్యి వణికేది. డబ్బు పోయింది నాది, జాలంతా వాడికి. గురజాడను తప్పుపట్టడం లేదమ్మా. చివర గిరీశం గుట్టు మధురవాణి చేతే బయటపెట్టించాడాయన. నేను చెప్పేది మంచం గురించి. మూడు గంటల నాటకంలో చూసేవాళ్లు ఎప్పుడెప్పుడు మంచం కింద ఉన్నారో, ఎప్పుడు వాకిట్లో ఉన్నారో చూసుకోవాలి.

ఇంత తెలిసీ నేనే ఒకసారి తప్పు చేశాను. పేకాటలో పొలం పోగొట్టుకునే రైతు మీద ఓ పరిషత్తుకు నాటిక రాశాను. అతని భార్య ట్రంకు పెట్టెకు తాళం వేసి, చెవి మొలలో దోపుకుంటుంది. మొదటి ప్రదర్శనలో ముందు వరసలోంచి ఒకాయన “ఇలాంటి పెళ్లాముంటే ఎవడైనా ఇంటికొస్తాడా!” అని అరిచాడు. నిర్వాహకులు ఆ పాత్ర కాస్త తగ్గించమన్నారు. తగ్గించాను. తాళం సీను, అప్పులవాళ్లకు ఎదురు నిలబడే సీను తీసేసి, కొంగుతో కళ్లొత్తుకునే సీను పెట్టాను. రిహార్సల్లో ఆ వేషం వేసే అమ్మాయి ఆగిపోయి, “అక్కా, ఇక్కడ నాకు ఏమేం తెలుసు?” అనడిగింది. పొలం పోయిందని తెలుసా? ఎంతకు పోయిందో తెలుసా? నా దగ్గర జవాబు లేదు. తెలిసినవన్నీ నేనే కొట్టేశాను. బహుమతి వచ్చింది, ఉత్తమ నటుడు కూడా మాకే. ఆ నాటికను నేను మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇంతకీ స్కైలర్ విషయంలో కెమెరా ఒక్కదానిదే తప్పంటే నేను ఒప్పుకోను. స్కైలర్ వేసిన ఆన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసింది. పాత్ర మీది కసి చివరికి తన మీదికే వచ్చిందని, తనను చంపాలి, ఎక్కడుంటుందో చెప్పమని ఒకడు అడిగాడని చెప్పుకుంది. మరుసటి నెల ఆ వేషానికే ఎమ్మీ అందుకుంది. చంపడానికి వెతికించుకునేంత పాపం స్కైలర్ ఏం చేసిందట? మొగుడు మత్తుమందు వండుతున్నాడని తెలిసి విడాకులు కోరింది, ఇంకొకడి దగ్గరికి వెళ్లింది. అందుకు తిట్టారు. తర్వాత కార్ వాష్ కొని అతని డబ్బు తెల్లగా మార్చింది. దానికీ తిట్టారు. అతనేమో కళ్లముందు ఒకమ్మాయి ఊపిరాడక చనిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు, చిన్నపిల్లాడికి విషం పెట్టించాడు. అయినా అతనే గెలవాలని చూసినవాళ్లు కోరుకున్నారు. కథ కట్టిన విన్స్ గిలిగన్ మొదట ఇది ఆడవాళ్ల మీది ద్వేషమేనని కొట్టిపారేశాడు. తర్వాతి కాలంలో, అంతా వాల్టర్ కళ్లతో చెప్పడం వల్ల తక్కెడ ముందే మొగ్గిందనీ అన్నాడు. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. తక్కెడ మొగ్గించింది కథ కట్టినవాళ్లు, అందులో రాళ్లు వేసింది చూసినవాళ్లు. ఇంట్లో మగవాడు ఏం చేసినా అడ్డు చెప్పకపోవడమే ఆడదాని మంచితనమని పెరిగిన కళ్లు ఆ కథ జరిగే అల్బకర్కీలోనూ ఉన్నాయి, మన ఊళ్లోనూ ఉన్నాయి. 

అయిదో సీజన్‌లో రెండు చోట్లు మళ్లీ పెట్టుకుని చూడు. ఒకటి, వాల్టర్ 51వ పుట్టినరోజు రాత్రి. బట్టలతోనే ఈతకొలనులోకి దిగిపోయాక, పడగ్గదిలో ఆవిడ పిల్లల్ని ఇంట్లోంచి దూరంగా పంపడానికి ఒక్కో ఉపాయం చెబుతుంది, అతను ఒక్కోటీ తిప్పికొడతాడు. ఇక తాను చేయగలిగింది అతని క్యాన్సర్ తిరిగి వచ్చేదాకా ఎదురుచూడటమే అంటుంది. రెండోది, అద్దె గోదాములో నోట్ల గుట్ట. ఎంతుందో లెక్కపెట్టడం మానేసింది, పురుగు పట్టకుండా మందు కొడుతోంది. 15 డాలర్ల 88 సెంట్లకు లెక్క అడిగిన మనిషే బుజ్జీ! ఈసారైనా ఆవిడ పక్కన నిలబడి చూడు.

ఇక సరళ. దాన్ని మెత్తబరచకు, పూజ గదిలో కూర్చోబెట్టకు, అబద్ధమాడనీ, అరవనీ. నువ్వు చేయాల్సింది వేరే. నీ స్క్రిప్టులో అది ఒంటరిగా ఉన్న సీను ఒక్కటీ లేదు, నేను రెండుసార్లు వెతికాను. ఎప్పుడూ మొగుడు తలుపు తీస్తే అవతల నిలబడి ఉంటుంది. అతనికంటే ముందే మనల్ని ఆ ఇంట్లోకి రానీ. మధ్యాహ్నం పూట చిట్టీల పుస్తకం తెరిచి, టైలరు పేరు దగ్గర వేలు పెట్టి, కట్టిన నెలలు ఒక్కొక్కటే కూడుతున్న సరళను చూపించు. మొగుడికి తెలియనిది దానికీ మనకూ తెలియాలి. అప్పుడతను ఈల వేసుకుంటూ లోపలికి రావాలి. అది “ఈ నెల పాట ఎవరికొచ్చింది?” అని అడగాలి. నువ్వు ఇప్పుడు రాసిన డైలాగే, ఒక్క అక్షరం మార్చకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ సీను చేత్తో రాసి తీసుకురా. మీ నాన్న మొగుడు వేషం చదువుతాడు, సరళ నాది.

మీ అత్త