కరిచింది నక్కే కదా అనుకోకండి

ఈపూరు చుట్టుపక్కల రాత్రిపూట పొలానికి నీళ్ళు కట్టబోయేవారికి నక్కలు, ముంగిసలు కొత్త కాదు. కరిచింది కుక్క కాదు గనుక టీకా అక్కర్లేదని కొందరు ఊరుకుంటారు. ఇది ప్రాణం తీసే పొరపాటు.

రేబిస్ వైరస్ జబ్బు చేసిన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా నరాల్లో ప్రవేశించి నెమ్మదిగా మెదడుకు చేరుతుంది. అక్కడి నుండి మళ్ళీ నరాల వెంటే లాలాజల గ్రంథులకు వస్తుంది. మెదడు చెడిన నక్క మనిషంటే భయం మరచి పట్టపగలే ఊళ్ళోకి వచ్చి ఎదురైనవాటినల్లా కరుస్తుంది. కంటికి కనబడని క్రిమి తన ప్రయాణానికి జంతువునే బండిగా కట్టుకుంటుందన్నమాట!

ఈ వైరస్ ఏ జాతిలో చాలాకాలం తిరిగితే ఆ జాతికి అలవాటు పడుతుంది. ఐరోపాలో 1940 ప్రాంతం నుండి ఇది గుంటనక్కల్లో ఏటా 20 నుండి 60 కిలోమీటర్ల చొప్పున పడమరకు పాకింది. 1978లో స్విట్జర్లాండ్‌లో కోడి తలకాయల్లో టీకామందు పెట్టి అడవిలో వేశారు. వాటిని తిన్న నక్కలకు రక్షణ కలిగింది, వ్యాధి వెనక్కు తగ్గింది. అలవాటైన జాతిని దాటి మరో జంతువుకు సోకితే వ్యాధి సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. అన్నిసార్లూ ఆగదు. అమెరికాలోని అరిజోనాలో 2001లో గబ్బిలాల వైరస్ స్కంక్ అనే చిన్న జంతువుల్లో చేరి, వాటిలో ఒకదాని నుండి మరొకదానికి వ్యాపించింది.

మన దేశంలో నక్కల్లో, ముంగిసల్లో కనబడేది చాలావరకు కుక్కల వైరసే. ఊరవతల చచ్చిన గొడ్డు దగ్గర కుక్క, నక్క పోట్లాడుకుంటే చాలు. మనుషులకు వేసే టీకా మాత్రం వీటన్నింటికీ ఒకటే.

మీ ఇంట్లో ఎవరినైనా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టకండి. అడవి జంతువు కాటును తీవ్రమైనదిగానే లెక్కిస్తారు కాబట్టి టీకాతోపాటు గాయం చుట్టూ సీరం కూడా వేయాలి. చర్మంలోకి వేసే టీకా మొదటి రోజున, తరువాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. పది రోజులు కనిపెట్టి చూడటం కుక్కకూ పిల్లికే గాని నక్కకు పనికిరాదు. కుక్క కరిచినా, ఆ పది రోజులూ టీకా ఆపకూడదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని పెద్దవాళ్ళు ఇంకా భయపెడుతుంటారు. గొర్రె మెదడుతో చేసిన ఆ మందు తయారీ మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు సూది చేతికే.

లక్షణాలు సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల్లో, ఒక్కొక్కసారి ఏడాది దాటాక బయటపడతాయి. నీళ్ళంటే భయం మొదలయ్యాక బ్రతికినవారు బహు అరుదు. అందువల్ల కరిచి నెల గడిచినా సరే, మొహమాటపడకుండా ఆసుపత్రికి రండి. ఆ రోజే టీకా మొదలుపెట్టవచ్చు.