గ్రామ క్రీడాప్రాంగణములో విజ్ఞాన పాఠములు

పల్లె పిల్లలకు ఆటలు ఒకరు నేర్పవలసిన పని లేదు. చెడుగుడు, చిర్రగోనె, గోటీలు, బొంగరము బడిలో ఎవరును చెప్పకయే వారికి వచ్చుచున్నవి. అయితే ఆ ఆటలలో ఇమిడియున్న శాస్త్రము మాత్రము బలము, ఘర్షణ, గురుత్వము అను పేర్లతో పాఠ్యపుస్తకములలో వేరుగా నుండిపోయినది. ఉదయము మైదానములో తాను అనుభవించినదే మధ్యాహ్నము నల్లబల్లపై కనిపించుచున్నదని పిల్లవాడు గుర్తింపడు. ఈ రెంటిని కలుపు పనిలో గ్రామ పంచాయతీ చేయదగినది కొంత కలదని మా అభిప్రాయము.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట మండలమునే తీసికొందము. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడక పూర్వము ఇది కరీంనగరు జిల్లాలో నుండెడిది. 2022లో తెలంగాణమున గ్రామగ్రామమునకు క్రీడాప్రాంగణము నెలకొల్పు పథకము ప్రారంభమైనది. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు ఆటస్థలములు, లాంగ్‌జంప్ గుంట, వ్యాయామపు కడ్డీలు అందు ఉద్దేశింపబడినవి. స్థలము చూపి, బోర్డు నిలిపినంతనే పని ముగియదు. పిల్లలు రాని ప్రాంగణము నాలుగు వానలు పడినచో గొర్రెల మేతకే పనికివచ్చును.

పాఠమునకు పరికరములు ఎక్కువ అక్కరలేదు. మొదటి దానికి 30 సెంటీమీటర్ల స్కేలు చాలును. ఒకరు స్కేలును పైకొనయందు పట్టి నిలువుగా వ్రేలాడదీయవలెను. రెండవవారు దాని అడుగు కొనకు ఇరువైపుల వ్రేళ్లు తెరచి యుంచి, చెప్పకుండ వదలినప్పుడు పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్లు జారిన పిమ్మట పట్టినచో సెకనులో అయిదవ వంతు కాలము పట్టినదన్నమాట. 5 సెంటీమీటర్లకు సెకనులో పదవ వంతు. పెద్ద పోటీలలో తుపాకి మ్రోగిన పిమ్మట ఇంతకంటె తక్కువ కాలములో కదలిన పరుగుగానిని తొందరపడి బయలుదేరినవానిగానే లెక్కింతురు. ఏలయన చెవి విని, మెదడు గ్రహించి, కాలు కదలుటకు ఆమాత్రము కాలము తప్పదని భావింతురు. సభ్యులు కూడ ఒకసారి పట్టి చూడవచ్చును. పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు.

రెండవది గోడ దగ్గర. మడమలు గోడకు ఆనించి నిలిచిన పిల్లవానిని, మోకాళ్లు వంచక ముందున్న రాయిని తీయుమనవలెను. తీయలేక ముందునకు తూలును. వంగునప్పుడు నడుము వెనుకకు పోవలెను. గోడ దానిని పోనీయదు. దేహభారము పాదముల హద్దు దాటును. కూతకు వెళ్లిన ఆటగాడు కాళ్లు ఎడము చేసి, మోకాళ్లు వంచి ఏల కదలునో దీనితో తెలియును. ఈ ప్రదర్శనములన్నిటను ఒక నియమము పాటింపవలెను: ఏమి జరుగునో ముందుగా పిల్లలచే చెప్పించి, పిమ్మటనే చేయింపవలెను. ఉపాధ్యాయుడు తానే చేసి చూపినచో అది గారడీ యగును గాని పాఠము కాదు. ఆడపిల్లలను చుట్టును నిలిపి చూడనిచ్చుట చాలదు; స్కేలు వారి చేతికి రావలెను, కూతకు వారును వెళ్లవలెను.

మేము ముఖ్యముగా చెప్పదలచినది మూడవది. సిరిసిల్ల మరమగ్గములపై నేసిన దుప్పటి యొకటి తీసికొని, ఇద్దరు పిల్లలు నిలువుగా పట్టి, క్రింది అంచును జోలెవలె మడచి యుంచవలెను. పచ్చి కోడిగ్రుడ్డును దానిపైకి బలముగా విసరుమనుడు. పగలదు. అట్టి గ్రుడ్డునే నడుమెత్తునుండి బండపై విడిచినచో పగులును. వేగము తక్కువయైనను బండ దానిని తటాలున ఆపినది. దుప్పటి వెనుకకు జరుగుచు మెల్లగా ఆపినది. దూకిన దేహమునకును ఇదే లెక్క. 2 సెంటీమీటర్లలో ఆగిన దేహమునకు తగులు దెబ్బ, 20 సెంటీమీటర్లలో ఆగినదానికంటె సుమారు పదిరెట్లు.

మేము ఒక గ్రామములో చూచితిమి. గుంటలోని ఇసుక వానకు తడిసి, ఎండకు గట్టిపడి నేలతో సమమైయుండెను. పన్నెండేండ్ల బాలుడు దూకి చేయి ఆనించెను, మణికట్టు విరిగినది. ఆ ఏడు తక్కిన తల్లిదండ్రులు కూడ పిల్లలను అటు పంపరైరి. గుంటలో ఇసుక లేకపోలేదు. దానిని గుల్లచేయు మనిషి లేడు. పార పట్టిన పనివాడు అరపూటలో చేయగల పని అది.

ఆటకు ముందును తరువాతను 15 సెకనులు నాడి లెక్కించి నాలుగింతలు చేయుట కూడ పిల్లలకు నేర్పదగినది. వేసవిలో ఇవన్నియు ఎండ ఎక్కకముందే ముగించి, త్రాగునీరు దగ్గర నుంచవలెను.

ఇక సభ్యులు చేయవలసినది. నెలకొక శనివారము ఉన్నత పాఠశాల విజ్ఞానోపాధ్యాయుని, వ్యాయామోపాధ్యాయుని ప్రాంగణమునకు కలిపి పిలువవలెను. గుంట పరీక్షను పిల్లలకే అప్పగింపవలెను. బొటనవ్రేలి లావు కర్రను చేతితో నొక్కినప్పుడు జానెడు లోతు సులభముగా దిగవలెను. దిగనినాడు పిల్లలు వార్డు సభ్యునితో చెప్పుదురు. సభ్యుడు మరునాటికి పారను పంపవలెను, అంతవరకు గుంటకు అడ్డముగా త్రాడు కట్టించవలెను.