కోటకు చుట్టమైన మాట

‘కంఫర్ట్’ అనే ఆంగ్లపదం వినగానే మనకు మెత్తని పరుపు, చల్లని గాలి, కాళ్ళు చాపుకొనే కుర్చీ గుర్తుకు వస్తాయి. కాని ఈ మాట పుట్టుకలో మెత్తదనం లేదు. లాటిన్ భాషలో ‘ఫోర్టిస్’ అంటే బలమైనది. దానికి ముందు తీవ్రతను తెలిపే ఉపసర్గ చేరి, మిక్కిలి బలపరచడం అనే అర్థం గల క్రియ ఏర్పడింది. ‘కంఫర్ట్’ ఆ క్రియ నుండి వచ్చింది. ప్రయత్నాన్ని తెలిపే ‘ఎఫర్ట్’, బలాన్ని తెలిపే ‘ఫోర్స్’, కోటను తెలిపే ‘ఫోర్ట్’ కూడా ఈ కుటుంబంలోనివే. చెన్నపట్టణంలోని సెయింట్ జార్జి కోటకూ మన వాలుకుర్చీకీ మాటల్లో చుట్టరికం ఉందంటే వింత కాదా!

ఈ పదం 13వ శతాబ్దంలో ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో చేరింది. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో దీనికి బలమిచ్చుట అనే అర్థం కనిపిస్తుంది. దుఃఖంలో ఉన్నవారికి ధైర్యం చెప్పడమూ బలమివ్వడమే కనుక ఓదార్పు అనే అర్థం కలిసింది. 1611 నాటి ఆంగ్ల బైబిలులోని ‘కంఫర్టర్’ తెలుగు బైబిలులో ‘ఆదరణకర్త’ అయ్యాడు. దేహసుఖం అనే అర్థం చాలాకాలానికి గాని స్థిరపడలేదు. 19వ శతాబ్దంలో ఫ్రెంచివారు తాము ఇచ్చిన మాటనే ఈ కొత్త అర్థంతో తిరిగి తెచ్చుకొన్నారు.

పాత అర్థం చట్టంలో మిగిలింది. 1351 నాటి ఇంగ్లండు రాజద్రోహ శాసనం, 1787 నాటి అమెరికా రాజ్యాంగం శత్రువుకు సాయమూ ‘కంఫర్టూ’ ఇవ్వడాన్ని ద్రోహంగా చెప్పాయి. ఇక్కడ ‘సుఖాలు సమకూర్చుట’ అని అనువదిస్తే నవ్వులపాలవుతాం. ‘అండనిచ్చుట’ అనాలి. ఉరికంబం దాకా తీసుకుపోగల నేరం కనుక మాటను తూచి వాడాలి.

మనకు సందర్భాన్ని బట్టి వేరు వేరు పదాలున్నాయి. మనసుకు ఊరట, దేహానికి సుఖం, ప్రయాణికునికి సౌకర్యం. సుకరమైనది, అంటే సులువుగా చేయదగినది అనే భావం నుండి సౌకర్యం వచ్చింది. ‘వసతి’కి మూలం నివసించడమనే అర్థం గల ‘వస్’ ధాతువు. కన్నడంలో ‘వసతి శాలె’ అంటే పిల్లలు అక్కడే ఉండి చదువుకొనే బడి. తమిళంలో వసతి అంటే సౌకర్యం, కలిమి కూడా. తెలుగులో ఏకవచనంలో బస, బహువచనంలో సదుపాయాలు! హోసూరు పిల్లవాడు తమిళపు అలవాటుతో ‘వాళ్ళు వసతి గలవాళ్ళు’ అంటే, బళ్ళారి నుండి వచ్చిన మామయ్య ‘అయితే ఈ రాత్రికి అక్కడే దిగుదాం’ అనవచ్చు.